రెండవ కుర్చీలో పదేళ్ళు



మా విచారణలో సంఘపెద్దలను ఎన్నుకునే ఆదివారం వచ్చిందంటే నాకు లోలోపల కొంచెం గుబులే. అధ్యక్షుడెవరన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. అందరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరుంటారు, చేతులు లేస్తాయి, అయిపోతుంది. తగవంతా ఉపాధ్యక్షుడి దగ్గరే మొదలవుతుంది. అధ్యక్షుడు ఫలానా పల్లె నుంచి వచ్చాడు గనుక ఉపాధ్యక్షుడు మా పల్లె నుంచి రావాలని ఒకరంటారు. పెద్దాయన పక్కన కుర్రవాడుండాలని యువజనులంటారు. ఇంతా చేసి ఒకరి పేరు తేల్చితే, ఆయనకు కోపం వస్తుంది. నన్ను రెండోవాణ్ణి చేస్తారా అని ముఖం ముడుచుకుంటాడు. ఒకసారి అలా నొచ్చుకున్న పెద్దమనిషి ఒకరు నాలుగు ఆదివారాలు పూజకే రాలేదు. మిరపకాయలు కల్లంలో ఉన్నాయని కబురంపారు. కల్లం సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మన ప్రాంతపు రైతును అడిగి చూడండి. జత ఎద్దును కొనడానికి సంతకు వెళ్ళినప్పుడు ఆయన ఏం చూస్తాడు? కొమ్ములు చూడడు, రంగు చూసి మురిసిపోడు. ఇంటి దగ్గర ఉన్న ఎద్దు అడుగుకూ దీని అడుగుకూ పొత్తు కుదురుతుందా లేదా అని నడిపించి చూస్తాడు. వలపటెద్దు ఎంత గొప్పదైనా, దాపటెద్దు కలిసి నడవకపోతే సాలు వంకర పోతుంది. ఈ చిన్న సంగతి పొలంలో తెలిసిన మనకు, సంఘంలోకి వచ్చేసరికి ఎందుకో మరపుకు వస్తుంది.

ఈ వారం ఒక మహానుభావుని జీవితాన్ని మీ ముందుంచాలని నా కోరిక. ఆయన మన తెలుగువాడు, పెద్ద తత్వవేత్త. ఈ దేశంలో రెండవ కుర్చీలో పదేళ్ళు కూర్చుని, ఆ తరువాతే మొదటి కుర్చీకి వెళ్ళినవాడు. మీ పిల్లలు ప్రతి సెప్టెంబరు 5న ఆయన పేరు మీదనే పాఠశాలలో ఉపాధ్యాయులకు పూలిస్తారు. ఆయనే డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

తోడును ఎంచుకునే పద్ధతి

ముందు ఒక మాట. అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీ చేసేవాడు తన పక్కన ఉపాధ్యక్ష పదవికి మరొకరిని నిలబెట్టుకుంటాడు. ఇద్దరికీ కలిపి ఒకే ఓటు. మొదట్లో ఈ పద్ధతి లేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడు, ఆ తరువాతివాడు ఉపాధ్యక్షుడు. 1796లో ఆడమ్స్ అధ్యక్షుడైతే, ఆయనపై పోటీ చేసిన జెఫర్సన్ ఉపాధ్యక్షుడయ్యాడు. ఒకే కాడికి రెండు వైపులా లాగే ఎడ్లను కట్టినట్లయింది. 1800లో ఓట్లు సమానమై ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. దాంతో 1804లో రాజ్యాంగాన్ని సవరించుకున్నారు. అప్పటి నుంచి అభ్యర్థి పక్కన ఎవరుండాలన్న లెక్కలు మొదలయ్యాయి. ఉత్తరాదివాడికి దక్షిణాదివాడు, పడుచువాడికి అనుభవశాలి.

మన కథోలికులకు తెలిసిన ఉదాహరణ జాన్ కెనడీ గారు. 1960లో ఆయన పోటీ చేసేనాటికి అమెరికాలో కథోలికుడు అధ్యక్షుడైన చరిత్రే లేదు. 1928లో ఆల్ స్మిత్ అనే కథోలికుడు ప్రయత్నించి ఓడిపోయాడు. కెనడీ వయసు 43. ఆయన తన పక్కన టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ప్రొటెస్టెంటు, తనకంటే పెద్దవాడు, సెనేటులో తలపండిన లిండన్ జాన్సన్‌ను నిలబెట్టుకున్నాడు. ఇద్దరి మధ్య పెద్ద చెలిమేమీ లేదు. లెక్క ఓట్లదే. కాని 1963 నవంబరు 22న కెనడీ హత్యకు గురైన రోజున, ఆ లెక్కలన్నీ పక్కకు పోయి ఒక్క ప్రశ్నే మిగిలింది. ఈ రెండవ మనిషి మొదటి స్థానంలో నిలబడగలడా? అంతకుముందు 1945లో రూజ్‌వెల్ట్ చనిపోయినప్పుడు ట్రూమన్ ఉపాధ్యక్షుడై 82 రోజులే. యుద్ధం నడుస్తుండగా, అణుబాంబు తయారీ వివరాలు కూడా తెలియకుండానే ఆ భారం ఆయన నెత్తిన పడింది.

మన దేశంలో పద్ధతి వేరు. రాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు, రాష్ట్ర శాసనసభ్యులు కలిసి ఎన్నుకుంటారు. ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు మాత్రమే ఎన్నుకుంటారు. రెండు ఎన్నికలూ వేరు వేరు. రాష్ట్రపతి చనిపోతే ఉపరాష్ట్రపతి తాత్కాలికంగా బాధ్యత చూస్తాడు, ఆరు నెలల్లోగా కొత్త ఎన్నిక జరగాలి. చట్టంలో జంట లేదు. అయినా పార్టీలు ఆ ఇద్దరినీ జంటగానే తూచడం మొదటినుంచీ ఉన్నది. ఆ తూకంలో మొట్టమొదట నిలిచినవారు రాధాకృష్ణన్ గారు.

తిరుత్తణి నుంచి మాస్కో దాకా

ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. ఇంట్లో మాట్లాడింది తెలుగు. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామానిది, పూర్వీకులు అక్కడివారు. తండ్రి వీరాస్వామి గారు జమీందారీలో రెవెన్యూ పని చేసే చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. కలిమి ఉన్న ఇల్లు కాదు. ఉపకార వేతనాల మీదనే చదువు సాగింది.

ఆ చదువు చాలావరకు క్రైస్తవ విద్యాసంస్థలలోనే. తిరుపతిలో లూథరన్ మిషన్ పాఠశాల, వేలూరులో వూరీస్ కళాశాల, చివరకు మద్రాసు క్రిస్టియన్ కళాశాల. తత్వశాస్త్రం ఆయన కోరి ఎంచుకున్నది కూడా కాదు. ఆ శాస్త్రం చదివి ముగించిన బంధువొకరు తన పుస్తకాలను ఊరికే ఇచ్చారు. కొనుక్కునే స్తోమత లేదు గనుక అదే చదివారు. నాకు పెద్ద గురువిద్యాలయంలో ఆయన రాసిన భారతీయ తత్వశాస్త్ర గ్రంథాన్ని చేతికిచ్చినప్పుడు ఈ సంగతి తెలియదు. తెలిసిన తరువాత ఆ బరువైన పుస్తకం మీద నాకు ప్రేమ పెరిగింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆ కళాశాలల్లో కొందరు బోధకులు హిందూ ధర్మాన్ని చులకన చేసి మాట్లాడిన తీరు ఆ యువకుని మనసును గాయపరచింది. ఆ గాయమే ఆయనను తన పెద్దల గ్రంథాలవైపు మళ్ళించింది. 1908లో ఎం.ఏ. పట్టా కోసం వేదాంతంలో నీతి విచారం మీద ఆయన ఒక సిద్ధాంత వ్యాసం రాశారు. తత్వశాస్త్ర ఆచార్యులైన హాగ్ గారు, మత విషయంలో తనతో విభేదించిన ఆ విద్యార్థి వ్యాసాన్నే మెచ్చుకున్నారు. గాయపరచినవారూ మన క్రైస్తవులే, నిజాయితీగా మెచ్చుకున్నవారూ మన క్రైస్తవులే. పొరుగువాని విశ్వాసాన్ని గురించి నోరు తెరిచే ముందు మనం ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలి.

తరువాతి జీవితం వేగంగా సాగింది. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడు. 1918లో మైసూరు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం. 1923లోనూ 1927లోనూ భారతీయ తత్వశాస్త్రం రెండు సంపుటాలు వెలువడ్డాయి. 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు, అంటే వైస్ ఛాన్సలర్. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో తూర్పు దేశాల మతాలు, నీతి బోధించే ఆచార్య పీఠం. 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయం బాధ్యత. 1942 ఉద్యమం రోజుల్లో ప్రభుత్వం ఆ విశ్వవిద్యాలయాన్ని యుద్ధ ఆసుపత్రిగా మార్చాలని చూస్తే, ఢిల్లీ దాకా వెళ్ళి వైస్రాయికి నచ్చజెప్పి ఆపించారు.

మచ్చలు లేవా? ఉన్నాయి. 1929లో జదునాథ సిన్హా అనే పండితుడు తన వ్యాసంలోని భాగాలను రాధాకృష్ణన్ గారు తన పుస్తకంలో వాడుకున్నారని ఆరోపించాడు. ఇద్దరూ కోర్టుకెక్కారు. 1933లో ఆ వ్యవహారం బయటనే రాజీ అయింది. ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ గారు తండ్రి జీవిత చరిత్ర రాసినప్పుడు తండ్రి లోపాలను కప్పిపెట్టలేదు. మనం కూడా మహనీయుల బొమ్మలకు మరీ ఎక్కువ రంగు పూయనవసరం లేదు.

1949లో నెహ్రూ గారు ఆయనను సోవియట్ యూనియన్‌కు రాయబారిగా పంపారు. దేవుని పేరెత్తితే గిట్టని ప్రభుత్వం దగ్గరకు వేదాంతిని పంపుతారా అని చాలామంది వింతపడ్డారు. అయితే విదేశీ రాయబారులకు ఎంతో అరుదుగా దర్శనమిచ్చే స్టాలిన్, 1950 జనవరిలో ఆయనను పిలిపించుకుని మాట్లాడాడు. 1952లో ఆయన మాస్కో విడిచే ముందు మరోసారి కలిశాడు.

1952 తూకం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు ముగిశాయి. రాష్ట్రపతి పదవికి బాబూ రాజేంద్ర ప్రసాద్ గారి పేరు ఖాయమైంది. రెండేళ్ళ క్రితం నెహ్రూ గారి మొగ్గు రాజాజీ వైపు ఉన్నా, పార్టీ ప్రసాద్ గారినే కోరింది. ఇక ఆయన పక్కన ఎవరు?

మీరే ఆ తక్కెడ పట్టుకున్నారనుకోండి. ఒక పళ్ళెంలో రాజేంద్ర ప్రసాద్ గారు. బీహారు మనిషి, ఉత్తరాదివారు. న్యాయవాది. గాంధీగారి అనుచరుడు, జైళ్ళు చూసినవాడు, కాంగ్రెసు అగ్రనాయకుడు, సంప్రదాయం మీద గట్టి పట్టు ఉన్నవారు. రెండవ పళ్ళెంలో ఎవరిని పెడితే ముల్లు నిలుస్తుంది? అలాంటి మరో కాంగ్రెసు నాయకుణ్ణి పెడితే ఒకే రుచి రెండుసార్లు వడ్డించినట్లవుతుంది. దక్షిణాదివారు కావాలి. పార్టీ తగవులు అంటనివారు కావాలి. విదేశాల్లో మాట చెల్లుబడి అయ్యేవారు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పుడే పుట్టిన రాజ్యసభకు అధ్యక్షత వహించి, అన్ని పక్షాలవారినీ సమాధానపరచగల నేర్పరి కావాలి. ఎందుకంటే ఉపరాష్ట్రపతికి రాజ్యాంగం అప్పగించిన నిత్యకృత్యం అదే. ఆయన జీతం కూడా రాజ్యసభ అధ్యక్షుడిగా వచ్చేదే.

ఇవన్నీ పెట్టి చూస్తే ముల్లు రాధాకృష్ణన్ గారి దగ్గర నిలిచింది. ఆయన కాంగ్రెసు కార్యకర్త కాదు, జైలుకు వెళ్ళినవాడు కాదు. ఎన్నో త్యాగాలు చేసిన నాయకులుండగా, పుస్తకాల మనిషికి ఈ పదవా అని పార్టీలో ఆశ్చర్యపోయినవారున్నారు. వారి బాధను తీసిపారేయలేం. పదవిని చేసిన త్యాగానికి బహుమానంగా చూస్తే వారి మాటే సరి. చేయవలసిన పనికి తగిన మనిషి ఎవరని చూస్తే నెహ్రూ గారి మాట సరి. మన విచారణల్లో తగవులన్నీ ఈ రెండు చూపుల మధ్యనే కదా పుడుతున్నాయి.

రాజేంద్ర ప్రసాద్ గారు 5,07,400 ఓట్ల విలువతో గెలిచారు. రాధాకృష్ణన్ గారికి పోటీయే లేకుండా పోయింది. మరొకరి నామినేషను చెల్లలేదు. 1952 మే 13న ఆయన దేశపు తొలి ఉపరాష్ట్రపతి అయ్యారు.

ఆ కుర్చీలో చేసిన పని

రాజ్యసభలో ఆయన అధ్యక్షత వహించిన తీరును అన్ని పక్షాలూ మెచ్చుకున్నాయి. సభ వేడెక్కినప్పుడు ఒక శ్లోకం చదివేవారు, ఒక చిన్న హాస్యం విసిరేవారు, మందలింపు కూడా నొప్పి లేకుండా ఉండేది. నలభై ఏళ్ళుగా తరగతి గదిలో చేసిన పనినే అక్కడ చేశారు. 1954లో రాజాజీ, సి.వి. రామన్ గార్లతో పాటు ఆయనకు భారతరత్న లభించింది. 1960లో ప్రసాద్ గారు సోవియట్ యూనియన్ వెళ్ళినప్పుడు, 1961లో తీవ్రంగా జబ్బు పడినప్పుడు రాష్ట్రపతి పనులు ఈయనే చూశారు. పెద్దాయన కోలుకుని రాగానే ఆ కుర్చీని ఉన్నదున్నట్లు అప్పగించి, తన కుర్చీకి తిరిగి వచ్చారు.

కాని ఈ పదేళ్ళూ పూలబాట కాదు. 1956 నవంబరులో భార్య శివకామమ్మ గారు మరణించారు. యాభై ఏళ్ళకు పైబడిన కాపురం. ఆ దుఃఖం పచ్చిగా ఉండగానే 1957 ఎన్నికలు వచ్చాయి. ఒకసారి పదవిలో ఉన్న రాజేంద్ర ప్రసాద్ గారు తప్పుకుంటారని, ఈసారి రాధాకృష్ణన్ గారే రాష్ట్రపతి అవుతారని చాలామంది అనుకున్నారు. నెహ్రూ గారి కోరిక కూడా అదే. అయితే ప్రసాద్ గారు కొనసాగడానికి ఇష్టపడ్డారు. మౌలానా ఆజాద్ గారు, పార్టీ పెద్దలు ఆయన పక్షాన నిలిచారు. నెహ్రూ గారు తలవంచారు.

రాధాకృష్ణన్ గారు నొచ్చుకున్నారు. మళ్ళీ రెండవ కుర్చీలో కూర్చోవడం ఇష్టంలేక, తప్పుకుందామనుకున్నారు. వేదాంతికి కూడా మనసు నొస్తుందా అని మీరు అడగవచ్చు. నొస్తుంది. ఆశపడినవాడే నొచ్చుకుంటాడు, ఆశపడడం తప్పు కాదు. నొచ్చుకున్న తరువాత ఏం చేశారన్నదే మనకు ముఖ్యం. పెద్దలు నచ్చజెప్పారు, ఆయన విన్నారు. పోటీ లేకుండా మరో అయిదేళ్ళకు ఎన్నికయ్యారు. ఆ అయిదేళ్ళలో రాజ్యసభ అధ్యక్షుడిగా ఆయన పనిలో ఏ లోటూ కనిపించలేదు. ప్రసాద్ గారి మీద కత్తి కట్టలేదు. కల్లంలో మిరపకాయలున్నాయని ఎవరికీ కబురంపలేదు.

తూకం నిలిచిన రోజులు

1962లో ఆయన వంతు వచ్చింది. 5,53,067 ఓట్ల విలువతో రాష్ట్రపతి అయ్యారు. ఇప్పుడు ఆయన పక్కన ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఎంపికైనవారు జాకిర్ హుస్సేన్ గారు. జామియా మిల్లియాను పెంచి పోషించిన విద్యావేత్త, అప్పటికి బీహారు గవర్నరు. దక్షిణాది హిందూ తత్వవేత్త పక్కన ఉత్తరాది ముస్లిం విద్యావేత్త. ప్రాంతం వేరు, మతం వేరు, వృత్తి ఒకటే. ఇద్దరూ బడిపంతుళ్ళే. తేడాలో పొత్తు, పొత్తులో తేడా ఉన్న ఆ జంట మన గణతంత్ర చరిత్రలో ఒక చక్కని జంట అని నా అభిప్రాయం.

ఆ అయిదేళ్ళు ఎలాంటివి! 1962 అక్టోబరులో చైనా యుద్ధం. ప్రభుత్వం చైనాను గుడ్డిగా నమ్మి ఏమరుపాటుగా ఉన్నదని, తనను ఆ స్థానానికి తెచ్చిన నెహ్రూ గారి ప్రభుత్వాన్నే ఆయన విమర్శించారు. 1964 మే 27న నెహ్రూ గారి మరణం. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. 1966 జనవరి 11న తాష్కెంటులో శాస్త్రి గారి మరణం. ఇరవై నెలల్లో ఇద్దరు ప్రధానమంత్రులు పోయారు. రెండుసార్లూ రాష్ట్రపతి గుల్జారీలాల్ నందా గారి చేత తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేయించి, పార్టీ తన నాయకుణ్ణి ఎన్నుకునేదాకా రాజ్యాన్ని తొట్రుపడకుండా నిలిపారు. 1952లో తక్కెడ పట్టినవారు ఈ రోజులను ఊహించి ఉండరు. కాని వారు తూచినది మంచి సరుకు గనుక, ఊహించని రోజున కూడా తూకం తప్పలేదు.

మన సభకు చెందిన రెండు జ్ఞాపకాలు కూడా ఆ కాలానివే. 1963 జూన్ 3న ఆయన వాషింగ్టన్‌లో కెనడీ గారి అతిథి. అదే రోజున రోములో జగద్గురువులు 23వ జాన్ పరమపదించారు. 1964 డిసెంబరులో అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభకు జగద్గురువులు 6వ పౌలు బొంబాయి వచ్చారు. ఒక పాపుగారు మన దేశానికి రావడం అదే మొదటిసారి, అప్పటి రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారే. మీ ఇళ్ళలో పెద్దవారుంటే ఆ రోజుల ముచ్చట్లు అడగండి.

1967 పాఠం

1967లో ఆయననే కొనసాగించాలని కామరాజ్ గారి వంటి పెద్దలు కోరారు. ఇందిరాగాంధీ గారు జాకిర్ హుస్సేన్ గారి వైపు మొగ్గారు. ఆ జనవరిలో గణతంత్ర దినోత్సవం ముందురోజు ప్రసంగంలో రాధాకృష్ణన్ గారు పాలనలోని అసమర్థతను నిష్కర్షగా ఎత్తిచూపారు. పదవి కోసం కాచుకున్నవాడు అలా మాట్లాడడు. ఆయన తప్పుకున్నారు.

అప్పుడు జరిగిన తూకం గమనించండి. కాంగ్రెసు జంట: రాష్ట్రపతికి జాకిర్ హుస్సేన్ గారు, ఉపరాష్ట్రపతికి బరంపురంలో పుట్టిన మన తెలుగువారు వరాహగిరి వెంకటగిరి గారు. ప్రతిపక్షాల జంట: రాష్ట్రపతికి రాజమండ్రివారైన కోకా సుబ్బారావు గారు, ఉపరాష్ట్రపతికి అలీగఢ్ చరిత్రకారుడు మహమ్మద్ హబీబ్ గారు. చూశారా! రెండు జంటల్లోనూ ఒక తెలుగు హిందువు, ఒక ఉత్తరాది ముస్లిం. తారుమారుగా పెట్టారంతే. ఈ సుబ్బారావు గారు మన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి. దేశపు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ఈ పోటీకి దిగారు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. గిరి గారు ఉపరాష్ట్రపతి అయ్యారు.

రెండేళ్ళయినా నిండకముందే, 1969 మే 3న జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. రెండవ మనిషి అవసరం ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. తరువాత ఆ పదవికి కూడా రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, కాంగ్రెసు అధికారిక అభ్యర్థి, మరో తెలుగువారైన నీలం సంజీవరెడ్డి గారిని ఓడించారు. 4,20,077కు 4,05,427. ఆ ఎన్నికతో కాంగ్రెసు రెండుగా చీలింది. మతం, ప్రాంతం, భాష అన్నీ సరిగ్గా తూచిన జంటే. కాని కొలవవలసిన అన్నిటినీ తక్కెడ కొలవలేదు. ప్రాంతాన్ని తూచవచ్చు, కులాన్ని లెక్కపెట్టవచ్చు, మనిషిలోని నిదానాన్ని తూచే రాయి ఏ సంతలోనూ దొరకదు. దానికి ఆ మనిషి గడచిన జీవితాన్నే చూడాలి.

చివరి రోజులు

రాధాకృష్ణన్ గారు 1967 మే నెలలో మద్రాసు మైలాపూరులోని తన ఇంటికి తిరిగి వెళ్ళారు. చాలాకాలం జబ్బుతో ఉన్నారు. 1975లో ఆయనకు టెంపుల్‌టన్ బహుమతి ప్రకటించారు. మత రంగంలో కృషికి ఇచ్చే ఆ బహుమతిని 1973లో మొట్టమొదట అందుకున్నవారు మన మదర్ తెరెసా గారు. క్రైస్తవేతరులలో మొదట అందుకున్నవారు రాధాకృష్ణన్ గారు. క్రైస్తవ బడిలో మనసు నొచ్చిన ఆ తిరుత్తణి బాలుడు చివరకు ఆమె సరసన నిలిచాడు. ఆ ధనాన్ని ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు.

మన సంగతి

ప్రియ పాఠకులారా, మన అద్దంకికి ఈ పాఠం కొత్తది కాకూడదు. ఈ ఊళ్ళో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉండిన ఎఱ్ఱాప్రగడ ఏం చేశాడు? నన్నయ భారతంలో అరణ్యపర్వం సగంలో వదిలిపోతే, తిక్కన కూడా దాన్ని ముట్టకుండా ముందుకు సాగితే, మిగిలిన ఆ ముక్కను తాను పూరించాడు. తన పేరు మీద పెట్టుకోలేదు. నన్నయ రాసినట్లే, నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాశాడు. ఆయనను ఎవరు చిన్నచూపు చూశారు? కవిత్రయంలో ఒకడని ఏడు వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం.

మీ సంఘంలో, పాలసొసైటీలో, బడి కమిటీలో రెండవ మనిషిని ఎంచుకునే రోజు వస్తుంది. అప్పుడు మూడు సంగతులు చూడండి. మొదటివాడు రేపు పొద్దున లేకపోతే ఈయన ఆ పని నడపగలడా? మొదటివాడిలో లేనిది ఈయనలో ఏమున్నది? పెద్దాయన ముందు నిజం చెప్పి, బయట ఆయన పరువు కాపాడగలడా? ఈ మూడూ ఉన్నవాడు ఏ పల్లెవాడైతేనేం, ఏ వీధివాడైతేనేం.

ఇక మిమ్మల్నే రెండవ కుర్చీలో కూర్చోమని అడిగారనుకోండి. మనసు నొస్తే నొచ్చుకోండి, అది మనుష్య సహజం. ఒక రాత్రి నొచ్చుకుని, తెల్లవారి రండి. నాలుగు ఆదివారాలు రాని ఆ పెద్దమనిషి అయిదో ఆదివారం వచ్చారు. ఇప్పుడు మా సంఘం లెక్కల పుస్తకం ఆయన చేతిలోనే ఉన్నది. పైసా తేడా రావడం లేదు. అధ్యక్షుడు ఊళ్ళో లేని నెలలో కూడా గుడి గంట వేళకు మోగింది.